మ్యూజియం హాలు కోచింగ్ సెంటరుకు ఇవ్వొద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

మా పెరంబూరు వైపు ఒక తెలుగు సంఘం వాళ్లు మేడ మీద హాల్లో చిన్న స్థానిక చరిత్ర మ్యూజియం నడుపుతున్నారు. ఆ హాలును సాయంత్రాలు ఒక కోచింగ్ సెంటరుకు అద్దెకివ్వాలని, వస్తువులన్నీ బీరువాల్లో సర్దేసి, చూడదలచినవాళ్లు ముందుగా ఫోన్ చేసి రావాలని బోర్డు పెట్టాలని కమిటీ ఆలోచిస్తోంది. ఈ ఆలోచనను మెచ్చుకుంటూ ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం మీ పత్రికలో చదివాను. ఎప్పుడు చూసినా పిల్లల గోల, ఆడవాళ్ల కబుర్లు, నెలకోసారి పాటలు, ఇది మ్యూజియమా భజన మందిరమా అని ఆయన అడిగారు. నేను అక్కడికి తరచూ వెళ్లేదాన్ని, చేతనైన పని చేసేదాన్ని కాబట్టి జవాబు రాస్తున్నాను.

భజన మందిరం అన్న మాటను ఆయన ఎగతాళిగా వాడారు గానీ, పెరంబూరు సంగతి తెలిసినవాళ్లు దాన్ని అంత తేలిగ్గా తీసెయ్యరు. 1918 ఏప్రిల్ 27న ఇక్కడ మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన తొలి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. అధ్యక్షుడు బి.పి. వాడియా. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన దగ్గరికి వెళ్లి ఇక్కడికి పిలుచుకొచ్చిన సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు గార్ల పేర్లు మాత్రం ఈ పేటలోనే చాలామందికి తెలియవు. వాళ్లిద్దరూ అప్పటికే వెంకటేశ గుణామృత వర్షిణి సభ అని ఒకటి నడుపుతుండేవాళ్లు. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల్లో (బిన్నీ మిల్లు అనేది వీటినే) పనిచేసేవాళ్లు భక్తి ప్రసంగాలు వినడానికి అక్కడికి చేరేవాళ్లు. దేవుడి మాటలతో పాటు మేస్త్రీల దాష్టీకం, అన్నం తినడానికి కూడా చాలని మధ్యాహ్నపు విరామం, ఇవన్నీ ఆ కూటాల్లోనే బయటికొచ్చాయి. నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకోకపోయి ఉంటే ఆ యూనియన్ ఎక్కడిది? 1921 నాటి పెద్ద సమ్మె ఎక్కడిది?

ఇక కబుర్ల సంగతి. శనివారం సాయంత్రం ఎవరైనా ఇంట్లోంచి ఒక పాత వస్తువు తెచ్చి దాని కథ చెప్పొచ్చు. ఒకసారి ఒకావిడ వాళ్ల మామగారి ఇత్తడి బిళ్ల తెచ్చింది. రూపాయి కన్నా కాస్త పెద్దది, మీద ఒక నంబరు, పైన చిన్న కన్నం. అలాంటిదే అంతకుముందు నుంచీ అద్దాల పెట్టెలో ఉంది. దాని కింద చీటీ మీద ‘మిల్లు టోకెను, ఇత్తడి’ అని రాసి ఉండేది. అంతే. ఇత్తడి అని చూస్తే తెలియదా! ఆ రోజు మూల కుర్చీలో కూర్చున్న బిన్నీ మిల్లు పాత కార్మికుడు ఒకాయన లేచి వచ్చి, బిళ్లను అరచేతిలో వేసుకుని, కన్నంలో వేలి గోరు పెట్టి చూపించాడు. అది మేకుకు తగిలించే కన్నమట. గేటు దగ్గర పలక మీద మేకులు, మేకుకో బిళ్ల. లోపలికి పోతూ ఎవరి బిళ్ల వాళ్లు తీసుకోవాలి. కాస్త ఆలస్యమైతే పలకకు తాళం పడేది, ఆ పూట కూలి పోయేది. ఆయన ఈ మాట అంటుండగానే బిళ్ల తెచ్చినావిడ అందుకుంది. వాళ్లత్తగారు మిల్లు కూత వినపడగానే అన్నం గిన్నె మూత పెట్టి, మామగారు చెయ్యి కడుక్కునేలోపు క్యారియరు గుమ్మం దగ్గర పెట్టేదట. ఇంట్లో గడియారం చాలా ఏళ్లకు గానీ కొనలేదట. వెనక బెంచీ మీద ఉన్న ముసలమ్మలకు ఇక పట్టపగ్గాల్లేవు. ఏ షిఫ్టుకు ఏ కూర, జీతం రోజున గేటు దగ్గర కాచుకుని ఉండే వడ్డీవాళ్లు, 1996లో మిల్లు మూతపడ్డాక నగలు తాకట్టుకు పోయిన వరస, అన్నీ వచ్చాయి. ఒక కుర్రవాడు నోటు పుస్తకంలో గబగబా రాసుకున్నాడు. పాత చీటీ తీసేసి, ఇదంతా క్లుప్తంగా తెలుగులోనూ తమిళంలోనూ రాసి పెట్టారు. ఆ పెద్దమనిషి విన్న ఆడవాళ్ల కబుర్లు ఇవే కావచ్చు.

రెండు భాషల్లో ఎందుకంటే, మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మంచిదే, ఇక్కడ బతికేవాళ్లకు తమిళం రావాలి. తెలుగు అక్షరం మాత్రం ఇంట్లో ఎవరైనా దిద్దిస్తే తప్ప దొరకని స్థితి. ఆదివారం పొద్దున పిల్లలు ఆ హాల్లో చేసే గోల ఏమిటంటే, తమిళంలో చదువుకున్న చీటీని పక్కనే ఉన్న తెలుగు చీటీతో పోల్చుకుని అక్షరాలు పట్టుకోవడం. ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లు కేక వేస్తారు. నాకైతే ఆ గోల వినసొంపుగానే ఉంటుంది.

పెద్దవాళ్లకూ ఇలాంటి తిప్పలే ఉన్నాయి. తాతల నాటి దస్తావేజులు గొలుసుకట్టు రాతలో ఉంటే చదవగలిగేవాళ్లు ఈ పేటలో ఎంతమంది? రిటైరైన దస్తావేజుల రైటరు ఒకాయన భూతద్దం పెట్టుకుని నెలకోసారి చదివి పెడతాడు. ఒకసారి ఆ చదువులోంచి ఉమ్మడి గోడ సంగతి బయటపడి, అక్కడికక్కడే అన్నదమ్ముల పిల్లలు మాటామాటా అనుకున్నారు. అలాంటివి జరుగుతాయి. టీ ఇప్పించి పంపేశాం.

2015 డిసెంబరు వరదల్లో, మళ్లీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో ఫొటోలు, కాగితాలు తడిసి ముద్దయ్యాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తడిసిన ఆల్బంను ఏం చెయ్యాలో తెలియక కొందరు ఎండలో పెట్టారు, కొందరు ఇస్త్రీ చేశారు, ఎక్కువమంది చెత్తలో పారేశారు. మ్యూజియంలో దీని మీద ఒక పూట నేర్పించారు. అంటుకుపోయిన ఫొటోలను లాగకూడదు. శుభ్రమైన చన్నీళ్లలో కాసేపు ఉంచి నెమ్మదిగా విడదీయాలి. బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. కింద న్యూస్‌పేపర్ వేస్తే సిరా అంటుతుంది, తెల్ల కాగితమో నూలుగుడ్డో వెయ్యాలి. పాత ఫొటోకు లామినేషన్ చేయించకూడదు. ఫోన్‌లో ఫొటో తీసుకునేటప్పుడు వెనకవైపు కూడా తీసుకోవాలి, పేర్లు, తేదీలు ఉండేది అక్కడే. ఈ నాలుగు ముక్కల కోసం ఎదురింటి తమిళులు, పక్క వీధి ఉర్దూ కుటుంబం కూడా వచ్చారు. ఫోన్ చేసి అపాయింట్‌మెంటు తీసుకోమంటే వాళ్లలో ఒక్కరైనా మెట్లెక్కేవారా?

1851లో మొదలైన పెద్ద మ్యూజియం ఎగ్మూరులో ఉండగా ఈ గది ఎందుకని కూడా ఆ ఉత్తరంలో ఉంది. ఎగ్మూరుకు వెళ్లాల్సిందే, అమరావతి శిల్పాలు చూడాల్సిందే, మా పిల్లలను మేమే తీసుకెళ్తాం. ఆ రాళ్ల పక్కన మా మిల్లు బిళ్లలకు చోటు అడగడం లేదు. అవి ఈ పేట వస్తువులు, ఇక్కడే ఉంటే ఎవరో ఒకరు గుర్తుపట్టి నోరు విప్పుతారు. ఆగస్టు 22 వచ్చిందంటే ఊరంతా మద్రాసు పుట్టినరోజు నడకలు జరుగుతాయి. తెలుగులో నడిపేవాళ్లు అరుదు. మా కుర్రవాళ్లు ఈ హాల్లోంచే బయల్దేరి, 1734లో నేతగాళ్ల కోసం వెలసిన చింతాద్రిపేట, పొట్టి శ్రీరాములు గారు 1901లో పుట్టిన జార్జిటౌన్ అణ్ణాపిళ్లై వీధి, 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైన రోజుల కబుర్లు, ఇవన్నీ తెలుగులో చెబుతూ తిప్పుతున్నారు. మధ్యలో జనం తమిళంలో అడిగితే తమిళంలోనూ చెబుతారు.

కమిటీకి డబ్బు ఇబ్బంది ఉందన్నది నిజం. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, వాన పడితే కారే పైకప్పు. అద్దె వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే మన సంఘాల లెక్కల పుస్తకం తీసి శాలువాలకు, జ్ఞాపికలకు, ఫ్లెక్సీలకు ఏటా పోయేదెంతో ఒకసారి చూడమనండి. ఉగాదికి సన్మానం చేసినవాళ్లకే దీపావళికి మళ్లీ చేస్తున్నాం. వాళ్లకూ విసుగొచ్చే ఉంటుంది. ఒక్క ఏడాది ఆ ఖర్చు ఆపి పైకప్పు బాగుచేయించండి. కోచింగ్ సెంటరు వాళ్లకు కింది అంతస్తు ఇవ్వండి, లేదా పై హాలే ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం పూట ఇవ్వండి. అప్పుడు అక్కడ ఎవరూ ఉండరు.

మ్యూజియంలో అంతా సవ్యంగా ఉందని నేననడం లేదు. ఒక గోడ సగం పూలదండలు వేసుకున్న పాత అధ్యక్షుల ఫొటోలే. వాటిని మెట్ల దారికి మార్చాలి. మామూలు రోజుల్లో సాయంత్రం అయిదింటికే మూసేస్తే పనికి పోయి వచ్చేవాళ్లు ఎప్పుడు చూస్తారు? ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా తెరవాలి. కొన్ని వస్తువుల కింద ఇప్పటికీ ‘పాత చెంబు’ అనే ఉంది.

చివరగా కమిటీవారికి ఒక విన్నపం. ఇళ్లలోంచి వస్తువులు ఇచ్చినప్పుడు మీరే సంతకం పెట్టి రసీదులు ఇచ్చారు. అందరూ చూసేలా ఉంచుతామని వాటి మీద అచ్చువేసి ఉంది. ఆ బిళ్ల ఇచ్చినావిడ దగ్గర కూడా ఒకటి ఉంది. బీరువాల్లో పెట్టే ముందు రసీదు పుస్తకం తీసి, ఇచ్చినవాళ్లందరికీ కబురు పెట్టండి. సర్వసభ్య సమావేశం ఒక శనివారం సాయంత్రం ఆ హాల్లోనే పెట్టి, వాళ్లు ఒప్పుకున్నాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు
పెరంబూరు, చెన్నై