రాతిపువ్వు ఇకపై చిన్న ప్యాకెట్లోనే

మా దగ్గర బిర్యానీ దినుసులు తీసుకునే అందరికీ నమస్కారం అండీ.

ఈ నెల నుంచి రాతిపువ్వు 100 గ్రాముల ప్యాకెట్ ఆపేశాం, 25 గ్రాములదే ఉంటుంది. రేటు కూడా పెంచాం. సరుకు తక్కువగా వస్తోంది, మాకే ఎక్కువ పడుతోంది. పెంచినదాంట్లో మా లాభం అసలు లేదని మాత్రం అనను.

ప్యాకెట్ విప్పగానే "బూజు పట్టిన సరుకు పంపారేంటండీ" అని ఫోన్ చేసేవాళ్లున్నారు. సగం నిజమే! రాతిపువ్వు ఒక లైకెన్. శిలీంధ్రం, పాచి కలిసి చేసే కాపురం అది: గూడు కట్టేది శిలీంధ్రం, ఎండతో వంట చేసేది పాచి. నమ్మబుద్ధి కాకపోతే మీ తప్పేం లేదు. 1867లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ మాట చెబితే, లైకెన్లనే చదివిన పండితులు చాలామంది కొట్టిపారేశారు.

పేరుకు రాయి అయినా మాకొచ్చేది చెట్టు మీదిదే. హిమాలయాల వైపు ఓక్ చెట్ల బెరడు మీద పెరిగినది. అందుకే మధ్యలో బెరడు ముక్కలు తగులుతాయి. ఏరుతాం, అయినా కొన్ని మిగులుతాయి. చెట్టు రసాన్ని ఇది పీల్చదు, బెరడు దానికి ఆసరా మాత్రమే. వేర్లుండవు కాబట్టి వాన, మంచు, గాలి నుంచే అన్నీ తీసుకుంటుంది, పొగలో ఉన్న విషాలతో సహా. రోడ్డు పక్క చెట్ల నుంచి గీకింది వద్దని మా వ్యాపారికి గట్టిగా చెప్పాం. ఫలానా కొండదని నేను రాసివ్వలేను, ఆయన మాటే ఆధారం. ల్యాబ్ పరీక్ష ఇంకా చేయించలేదు.

ఇది పొలంలో వేసే పంట కాదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. గీకేసిన కొమ్మ మీద మళ్లీ అరచేయంత రేకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఎక్కువ అమ్మాలని నాకూ ఉంటుంది గానీ, కిలో బిర్యానీకి రెండు మూడు రేకులు చాలు. 25 గ్రాములంటే తక్కువనుకోకండి, తేలిక సరుకు, సంచి నిండుగానే కనిపిస్తుంది. పచ్చిగా వాసన చూసి పెదవి విరవకండి. కాగిన నూనెలో పడితేనే దాని సంగతి తెలుస్తుంది.

పొడి చేసి ఇమ్మని అడగొద్దు. రేకుగా ఉంటే పైన బూడిద రంగు, కింద నలుపు మీరే చూసుకోవచ్చు. పొడిలో ఏం కలిపారో ఎవరికి తెలుసు?

పాత రేటుకు 100 గ్రాముల డబ్బు ముందే కట్టినవాళ్లకు నాలుగు చిన్న ప్యాకెట్లు అదే రేటుకు పంపుతున్నాం. వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తాం.