మెట్టు మళ్లీ లోపలికి పోతున్నది: చెయ్యి సాయం చేసినోళ్లందరికీ థాంక్స్

మేడారం తొవ్వల మొరాయించిన క్యాంపర్ బండి డోర్ కింది కరెంటు మెట్టు బాగైంది. స్విచ్ నొక్కితే బయటికొస్తది, లోపలికి పోదు అంటే చాలామంది "మోటార్ కాలింది, కొత్తది ఎయ్యి" అన్నరు.

"ఒక దిక్కు మంచిగ తిరుగుతుంటే కాలిందని ఎట్లంటరు?" అని ఆపిన హనుమకొండ ఆటో ఎలక్ట్రీషియన్ అన్నకు ముందుగాల దండం. ఇది 12 వోల్టుల మ్యాగ్నెట్ మోటార్, రెండు వైర్లు అటిటు మారిస్తే ఉల్టా తిరుగుతది. మోటార్ వైర్ల సాకెట్ ఊడదీసి, నడుమ 20 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగ కరెంటు ఇచ్చిండు. రెండు దిక్కులా జోరుగ తిరిగింది. ఇట్ల ఇచ్చినప్పుడు, చివరికి రాంగనే మోటార్‌ను ఆపే లిమిట్ స్విచ్ పని చెయ్యది, మెట్టు చివరికి రాంగనే వైర్ తియ్యాలె. మడత పట్టీల నడుమ చెయ్యి పెట్టద్దు. మోటార్‌కు కరెంటు ఇచ్చే రెండు రిలేలు (కరెంటుతోటి నడిచే స్విచ్‌లు) ఒకదాని జాగల ఒకటి మార్చినా మెట్టు అట్లనే లోపలికి పోలే, అంటే తప్పు రిలేలల్ల లేదు.

"మీటర్ ఉత్తగ పెట్టకు, స్విచ్ నొక్కిపట్టి చూడు" అని ఫోన్‌ల చెప్పిన తమ్ముడికి ఇంకో దండం. అసలు గుట్టు అక్కడనే తేలింది. నొక్కిపట్టినప్పుడు బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, మోటార్ దగ్గర 8.9. ప్లస్ వైర్ల పోయింది 0.4 మాత్రమే. ఎర్త్ (బండి బాడీకి బిగించే మైనస్ వైర్) దిక్కు 3.1! మెట్టు బయటికి తన బరువుతోటే దిగుతది కాబట్టి ఆ తక్కువ వోల్టేజే సరిపోయింది. లోపలికి ఎత్తి గుంజాలంటే ఎక్కువ ఆంప్స్ కావాలె, ఆంప్స్ పెరిగినకొద్దీ చెడ్డ ఎర్త్ కాడ వోల్టేజ్ ఇంకింత పడిపోతది.

ఎర్త్ బోల్టు విప్పితే రింగు టెర్మినల్ కింద పెయింటు అట్లనే ఉన్నది, దాని మీద ఎర్రమట్టి, తుప్పు. ఫ్యూజ్ పీకి, ఇసుక కాగితంతోటి మెరిసేదాక గీకి, కొత్త రింగు, అంచుకు పళ్లున్న వాషర్ ఏసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూసినం. ఇప్పుడు మోటార్ దగ్గర 11.8.

20 ఆంప్స్ ఫ్యూజ్ పోతుంటే 40ది పెట్టుమన్నోళ్లకు మాత్రం థాంక్స్ లేదు. మోటార్ జామైతే అప్పుడు ఫ్యూజ్ బదులు వైర్ కాలుతది.

ఎలక్ట్రీషియన్ అన్నా, మీ టెస్ట్ లాంప్ మా టూల్ డబ్బల్నే ఉండిపోయింది. ఆదివారం తెచ్చిస్తం.