ఫార్మాట్ కొట్టే ముందు ర్యామ్ చూడండి

సంపాదకుడు గారికి,

సర్కారు బడిలో కంప్యూటర్ నీలం తెర చూపించి ఆగిపోతుంటే మెకానిక్ వచ్చి ఫార్మాట్ కొడతాడు, విండోస్ మళ్లీ ఎక్కిస్తాడు, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. వారం తిరక్కుండా అదే తంతు. చివరికి పనికిరాదని రాసేసి మూలన పడేస్తారు. కంప్యూటర్ రిపేర్లే బతుకుదెరువైన నాకు అలాంటి యంత్రాలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నేను విప్పి చూసినవాటిలో చాలావాటికి ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ పట్టీ, తప్ప ఇంకేమీ చెడలేదు.

తెర మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని పడుతున్నా, ఒక్కోసారి ఒక్కో ప్రోగ్రామ్ మూసుకుపోతున్నా ముందు ర్యామ్‌నే అనుమానించాలి. విప్పి, ర్యామ్ బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, అది కూర్చునే స్లాట్‌లో దుమ్ము దులిపితే కొన్ని అక్కడికే బాగవుతాయి. సుద్దపొడి ఎగిరే గదుల్లో ఇది మరీ అవసరం. తర్వాత మెమరీని పరీక్షించే, ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదలకూడదు. ర్యామ్‌లను ఒక్కొక్కటిగా పెట్టి, స్లాట్లు మార్చి చూడాలి. ఏ స్లాట్‌లో పెట్టినా అదే ర్యామ్‌కు ఎర్రర్ వస్తే ర్యామ్ పోయినట్టు. ఏ ర్యామ్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తుంటే మదర్‌బోర్డును చూడాలి. మంచి ర్యామ్ వేసినా సమస్య పోకపోతే కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను కూడా మార్చి చూడాలి.

ఆగిపోయే కంప్యూటర్ కనీసం కంటికి కనబడుతుంది. ఆగకుండా తప్పు అంకె సేవ్ చేసేదే ప్రమాదం. సర్వర్లలో ఇలాంటి తప్పును దిద్దుకునే ఈసీసీ మెమరీ ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్‌లలో ఉండదు. 2003లో బెల్జియం ఎన్నికల్లో, బ్రస్సెల్స్‌లోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి యంత్రం 4,096 ఓట్లు ఎక్కువ చూపింది. అంకె అసాధ్యంగా ఉండబట్టి దొరికింది. కారణం రుజువు కాలేదు కానీ, మెమరీలో ఒక్క బిట్ (సున్నా లేదా ఒకటి) తారుమారై ఉంటుందని నిపుణులు భావించారు. మన బడుల్లో మార్కులు, పంచాయతీ ఆఫీసుల్లో పన్ను లెక్కలు ఎక్కేది ఇలాంటి డెస్క్‌టాప్‌లలోనే.

కాబట్టి మెయింటెనెన్స్ కాంట్రాక్టుల్లో ఒక షరతు చేర్చాలి. మెమరీ ఎర్రర్ అన్న ఫిర్యాదుకు టెస్ట్ ఫలితం జత చేయకుండా బిల్లు చెల్లించకూడదు. డీడీఆర్3 రకం స్లాట్‌లో డీడీఆర్4 రకం ర్యామ్ పట్టదు కాబట్టి ఏ బడికి ఏ రకం కావాలో రాసిపెట్టుకుని, మండలానికి కొన్ని ర్యామ్‌లు నిల్వ ఉంచాలి. ఇప్పటికే స్క్రాప్ కింద రాసిన యంత్రాలను వేలం వేసే ముందు ఒక్కసారి ఈ పరీక్ష పెట్టించాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక కంప్యూటర్ మెకానిక్, నల్గొండ