వాన సంగతి సరే, తెరపి ఎన్నాళ్లో రాయండి

సంపాదకులకు నమస్కారం.

మార్చి నుంచి మే దాకా వానలెలా ఉంటాయో వాతావరణ శాఖ అంచనా ఇవ్వగానే "ఈ వేసవిలో సాధారణం కంటే ఎక్కువ వర్షాలు" అని పత్రికల్లో పెద్దక్షరాలతో వస్తుంది. ఆ మాట మూడు నెలల మొత్తానికి వర్తిస్తుంది. ఆ మొత్తమంతా రెండు సాయంత్రాల్లో కురిసినా, పది విడతలుగా కురిసినా లెక్క ఒకటే. కళ్లంలో మిరప, కోతకొచ్చిన వరి ఉన్న నెల్లూరు, ప్రకాశం రైతుకు మాత్రం ఒకటి కాదు. విడతకూ విడతకూ మధ్య తెరపి ఎన్ని రోజులన్నదాని మీదే మా పనంతా ఆధారపడి ఉంటుంది.

ఈ వానలు విడతలుగా రావడానికి కారణముంది. బంగాళాఖాతం మీద నిలిచే అధిక పీడనం చుట్టూ తిరిగి వచ్చే దక్షిణపు గాలి కోస్తాలోకి తేమ తెస్తుంది. పడమటి నుంచి పొడిగాలి వస్తుంది. ఈ రెండూ కలిసే చోటునే బులెటిన్‌లో ద్రోణి అంటారు. మధ్యాహ్నపు ఎండకు వెలిగొండల వైపు గాలి పైకి లేచి, మూడు గంటలకల్లా మబ్బు కడుతుంది. ద్రోణి మన దాపున ఉన్నన్నాళ్లు సాయంత్రం వాన భయం తప్పదు. అది పక్కకు జరిగితే తెరపి.

బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు వరకే వాన పడొచ్చని అర్థం. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా, "చాలా చోట్ల" అంటే ముప్పావు దాకా. పత్రికలో ఈ మూడూ "అక్కడక్కడా వర్షాలు" అయిపోతున్నాయి. మొదటి మాట చూసి కోత మిషను ఆపనవసరం లేదు. మూడోదైతే ఆపి తీరాలి. ఇంత తేడాను ఒక్క మాటలో కలిపేస్తే రైతు దేన్ని నమ్మాలి?

వరికి కనీసం రెండు పూర్తి ఎండ రోజులు కావాలి. మిషను కోసిన ధాన్యంలో తేమ 23 శాతం ఉందనుకుందాం. కొనుగోలు కేంద్రం 17 శాతం దాటితే ఒప్పుకోదు. అంటే 850 కిలోల పుట్టి నుంచి 60 కిలోల పైచిలుకు నీరు ఆరాలి. మంచు ఆరకముందే మిషను దింపితే తేమ ఇంకా పెరుగుతుంది, పదకొండు దాటాక కోయడం మేలు. ధాన్యాన్ని రెండు మూడు అంగుళాల మందానికి మించకుండా పరిచి, గంటకోసారి తిరగదిప్పాలి. పడిపోయిన చేలో నీళ్లు ముందు బయటికి తీసి, లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని కంకులు తడిసేలా చల్లితే మొలక ఆగుతుంది. ఎకరాకు 200 లీటర్లు, అంటే పది కిలోల ఉప్పు. తడిసిన ధాన్యం ఆరబోసే వీలే లేకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టాలి. ఎండ రాగానే ఆరబోసి తూర్పార పట్టుకోవచ్చు.

మిరప సంగతి వేరు. ఆరడానికే పది పదిహేను రోజులు పడుతుంది గనుక ఏ తెరపిలోనూ ఇమడదు, విడతల మధ్యే నెట్టుకురావాలి. ఐదు సెంట్ల కళ్లంలో 20 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీరు. పైన కప్పే టార్పాలిన్ పట్టా ఎంత మంచిదైనా కింద నేల పల్లంగా ఉంటే ఆ నీరు కుప్ప అడుగుకే చేరుతుంది. కళ్లం మధ్యలో మెరకగా, చుట్టూ జానెడు లోతు కాలువ ఉండాలి. పట్టాను కాయ మీద నేరుగా పరిస్తే లోపల చెమట పట్టి, తెల్లారేసరికి పైకాయ మెత్తబడుతుంది. అడ్డంగా వెదుర్లు వేసి, మధ్యలో గాలి ఆడేలా కప్పాలి. వాన వెలిసి ఎండ రాగానే, ఎంత పనిలో ఉన్నా, ముందు పట్టా తీయాలి. సగం ఆరి తడిసిన కాయే రంగు పోయి తాలుగా మారేది, బూజు పట్టేది. అందుకే వాన విడత ముందుందని తెలిస్తే పండు కోయకుండా చెట్టు మీదే ఉంచడం నయమని మా అభిప్రాయం. చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. తేమ 10, 11 శాతానికి దిగకుండా టిక్కీ (మిరప బస్తా) కుట్టొద్దు.

నెల్లూరు తీరంలోని ఇస్కపల్లి ఉప్పు మళ్లకూ ఇదే బాధ. ఉప్పునీటి చిక్కదనాన్ని కొలిచే బోమీ డిగ్రీల్లో మూడు దగ్గర ఉండే సముద్రపు నీరు 25 దాకా చిక్కబడితే గానీ ఉప్పు కట్టదు. ఒక్క గట్టి వానతో ఆ చిక్కదనమంతా పోతుంది. రెండు రోజుల ముందు తెలిస్తే కట్టిన ఉప్పునైనా గీకి గట్టుకు చేర్చి కప్పుకుంటారు.

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే వారాల అంచనా ఇస్తుంది. మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీ వ్యవసాయ సలహాలు వస్తాయి. మొదటిది శుక్రవారం, రెండోవి మర్నాడు జిల్లా పేజీలో వేయండి. "ఒకటి రెండు చోట్ల" అన్న మాటను అలాగే ఉంచండి. వాన లేని రోజులను కూడా తేదీలతో రాయండి.

ఇట్లు,
దర్శి, కోవూరు ప్రాంతాల రైతులం కొందరం