బస్సు ఎన్నింటికో చెప్పేవాళ్లు కావాలి

నెల్లూరు,
ఆదివారం.

బావా,

ఎట్టా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదు. "ఈ రోజుల్లో బస్సు టైములకి ఏం కొదవ, అన్నీ ఫోన్లోనే ఉంటాయి గదా" అన్నావు. అది ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నువ్వు హైదరాబాదులో ఉండి మాట్లాడుతున్నావు. అక్కడ పెద్ద రూట్లలో ఒక బస్సు పోతే వెనకే ఇంకోటి వస్తుంది. పది నిమిషాలకో బస్సు ఉంటే ఎవరూ టైము చూసుకుని ఇల్లు కదలరు. ఎప్పుడెళ్లినా సగటున ఐదు నిమిషాలు నిలబడితే చాలు. అదే గంటకో బస్సు ఉండే రూట్లో టైము తెలీకుండా వెళ్తే సగటున అరగంట, ఖర్మ కాలితే గంట. టైము ముందే తెలిసి, బస్సు ఆ టైముకే వస్తే అక్కడా ఐదు నిమిషాలతో సరిపోతుంది. అంటే బస్సులు తక్కువున్న చోటే టైముల పట్టిక ఎక్కువ అక్కరకొస్తుంది. మన నెల్లూరుకి, ఒంగోలుకి కావాల్సింది అదే. శ్రద్ధేమో ముందుగా పెద్ద నగరాల మీదికి పోతుంది. నాకు మింగుడు పడనిది ఇదే బావా.

మా వైపు ఒక స్టాపులో రేకు బోర్డుంది. పసుపు రంగు మీద నల్లగా రాసిన టైములు. 14.20 మీద ఎవరో కాగితం అంటించి పెన్నుతో 14.45 అని దిద్దారు. వానకి ఆ కాగితం సగం ఊడిపోయి పై అంకె, కింది అంకె కలిసిపోయాయి. ఈ టైములు ఏ తేదీ నుంచి అమల్లో ఉన్నాయో బోర్డు మొత్తం వెతికినా దొరకదు. రోహిణి కార్తెలో మా పెద్దమ్మ ఆ బోర్డునే నమ్ముకుని నిలబడింది. ఆ ట్రిప్పు ఎప్పుడో తీసేశారంట. కళ్లు తిరిగి కూలబడితే పక్కనున్న టీ బంకాయన నీళ్లిచ్చి నీడలో కూర్చోబెట్టాడు. బోర్డే లేకపోతే ఆమె ముందే ఆయన్ని అడిగి ఉండేది. తప్పు టైము రాసిన బోర్డు కంటే అసలు బోర్డు లేకపోవడమే నయం.

ఆ బంకాయన్ని చూడాలి నువ్వు. బుచ్చి బస్సు ఎప్పుడు, కోవూరు వైపు ఏది ముందొస్తుంది, ఏ ట్రిప్పు ఆదివారం రాదు, అన్నీ నోటిమీదే ఉంటాయి. పాలు పొంగకుండా గరిటె తిప్పుతూనే "అది ఇప్పుడే పోయిందమ్మా, ఇంకోటి ముప్పావు గంటకి" అంటాడు. రోజూ ఎక్కేవాళ్లకి ఆయన చాలు. కానీ ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో ఆసుపత్రి పని మీద నెల్లూరులో దిగినవాళ్లకి ఆయనెవరో తెలీదు గదా. చేతిలో ఎక్స్‌రే కవరు, పక్కన నడవలేని మనిషి. ఊరికి తిరిగి పోవడానికి లాస్ట్ బస్సు ఎన్నింటికో తెలీక వాళ్లు పడే టెన్షన్ నేను రోజూ చూస్తున్నా. ఆ భయంతోనే ఆటోకి అడిగినంత ఇచ్చేస్తారు. నన్నడిగితే పట్టికలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాయాల్సింది లాస్ట్ బస్సు టైమే.

ఇంకో సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి స్త్రీ శక్తి కింద ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకే అది చెల్లుతుంది. కాబట్టి ఉత్త టైము రాస్తే సరిపోదు, అది ఏ రకం బస్సో పక్కనే రాయాలి. అంకెలు కూడా మనుషులు పలికేటట్టు ఉండాలి. 16.30 అంటే మా పెద్దమ్మకి తెలీదు, సాయంత్రం నాలుగున్నర అంటే తెలుస్తుంది.

ఇక మధ్య స్టాపుల వాళ్ల గోడు. ఆత్మకూరు నుంచి నెల్లూరుకి బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో అక్కడివాళ్లకి తెలుస్తుంది. సంగంలో నిలబడ్డ మనిషికి, బుచ్చిలో నిలబడ్డ మనిషికి దాంతో ఏం పని? తన ముందుకి ఎప్పుడొస్తుందో చెప్పాలి. ఇదంతా నీ పనికి దగ్గరిదే బావా. జీటీఎఫ్ఎస్ అని వినే ఉంటావు. బస్సు టైముల్ని కంప్యూటర్లో ఫైళ్లుగా రాసిపెట్టడానికి 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి. స్టాపులకో ఫైలు, రూట్లకో ఫైలు, ఏ ట్రిప్పు ఏ స్టాపుకి ఎన్నింటికి చేరుతుందో ఇంకో ఫైలు. అర్ధరాత్రి దాటిన ట్రిప్పుని 25.10 అని రాస్తారు, అది ముందు రోజు సర్వీసే అని తెలిసేటట్టు. పండగ రోజుల మార్పులకి విడిగా ఒక ఫైలుంటుంది. మన రొట్టెల పండగ మొహర్రం నెలని బట్టి ఏటా ఇంచుమించు పదకొండు రోజులు ముందుగానే వస్తుంది, దర్గాకి స్పెషల్ బస్సులు వేస్తారు. ఆ ఫైలు సరిగ్గా అలాంటి వాటి కోసమే.

బస్సు ఎక్కడుందో చూపించే యాప్ ఆర్టీసీకి ఉంది, కాదనను. లైవ్ సమాచారం వల్ల మేలు కూడా నిజమే. సియాటిల్‌లో వన్‌బస్‌అవే అనే యాప్ వాడేవాళ్లని పరిశీలిస్తే, బస్సు ఎక్కడుందో తెలిసినవాళ్లకి ఎదురుచూపు అసలు కంటే ఎక్కువగా అనిపించలేదంట. తెలియనివాళ్లకి ఉన్నదానికంటే ఎక్కువ సేపు నిలబడినట్టు అనిపించిందంట. కానీ లైవ్ మ్యాపులో బస్సు కనపడకపోతే అది ఇంకా బయల్దేరలేదా, ఈ పూట రద్దయిందా? పట్టిక సరిగ్గా ఉంటేనే ఆ తేడా చెప్పగలం. "ఈ ట్రిప్పు ఇవాళ లేదు" అన్న ఒక్క మాట గంట ముందు తెలిస్తే మనిషి ఇంకో దారి చూసుకుంటాడు.

కేంద్రం వాళ్ల పీఎం ఈ-బస్ సేవ పథకం కింద నెల్లూరుకి కూడా ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. బస్సులు పెరిగితే సంతోషమే. అవి రోడ్డెక్కే నాటికే టైములు కూడా సిద్ధంగా ఉండాలని నా కోరిక. పెద్ద ఖర్చేం కాదు. ప్రతి బోర్డు కింద ఏ తేదీన మార్చారో ఉండాలి, ట్రిప్పు మారిన రోజే బోర్డుని, ఫైలుని దిద్దే బాధ్యత డిపోలో ఒక మనిషికి అప్పజెప్పాలి. అందరి పని అనుకుంటే ఎవరూ చేయరు.

అందుకని నాకు నీ సాయం కావాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. బంకాయనతో మాట్లాడాను, సరేనన్నాడు. ఆయన చెప్పింది, కండక్టర్లు చెప్పింది రెండూ పక్కపక్కన పెట్టి మా రూటు ఒక్కటి స్టాపు స్టాపుకీ రాసి, డిపో మేనేజరు గారికి అర్జీతో పాటు ఇద్దాం. ఆ ఫైళ్లు ఎట్టా నింపాలో ఒక నమూనా ముందే పంపితే నేను స్టాపుల పేర్లు రాసి పెడతా. అత్తమ్మకి నమస్కారాలు చెప్పు. జవాబు రాయి, ఫోన్ కాదు.

నీ బావ