మన సంఘం వార్షిక నివేదిక: పెంపుడు సాలీళ్లు, అడవి సాలీళ్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనిలో సగం టరాంటులాలు అనే పెద్ద నూగు సాలీళ్ల చుట్టూనే తిరిగింది. అక్వేరియం చేపలు, పక్షులు పెంచే పాత సభ్యులు కొందరు "ఇది పురుగుల సంఘం అయిపోయింది" అని మూతి విరిచారు. వాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ నెల్లూరు, ఒంగోలు కుర్రవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఈ పెద్ద సాలీళ్లను తెప్పించుకుంటున్నారు. తెచ్చుకున్నాక ఏం చెయ్యాలో తెలియక మనకు ఫోన్ చేస్తున్నారు. ఆ ఫోన్లు ఎత్తి జవాబు చెప్పడమే ఈ ఏడాది మన ముఖ్య కార్యక్రమం అనుకోవచ్చు.

వాటిలో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలయ్యేవి: "అన్నా, చచ్చిపోయినట్టుంది, వెల్లకిలా పడి ఉంది." కావలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి టెన్షన్‌తో వీడియో కాల్ చేశాడు. మెక్సికో రెడ్ నీ రకం, మూడు వారాలుగా మేత ముట్టలేదట. చూస్తే కింద పలచగా పట్టు పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని ఉంది. "కాళ్లు లోపలికి ముడుచుకున్నాయా, బయటికి చాచి ఉన్నాయా?" అని అడిగాం. చాచే ఉన్నాయి. అయితే అది చావు కాదు, కుబుసం విడుస్తోంది. సాలీడు కాళ్లు ముడవడానికి కండరాలు ఉన్నాయి కానీ, చాచాలంటే ఒంట్లో ద్రవం ఒత్తిడితోనే చాచాలి. నీరు తగ్గినా, ప్రాణం పోతున్నా ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుపోతాయి. భయపడాల్సింది అప్పుడు. ఆ అబ్బాయిని డబ్బా కదపకుండా, ఊదకుండా, లైటు ఆపి వదిలెయ్యమన్నాం. సాయంత్రానికి వీపు మీది పెంకు మూతలా లేచి, పాత చర్మంలోంచి కాళ్లు ఒక్కొక్కటే జారి బయటికొచ్చాయి. కొత్త కోరలు పాలలా తెల్లగా ఉన్నాయి. అవి ఎర్రబడి, తర్వాత నల్లబడి గట్టిపడేదాకా మేత వెయ్యకూడదు. పెద్దవాటికైతే పది రోజులు, రెండు వారాలు ఆగినా నష్టం లేదు, తాగడానికి నీళ్లు పోసి పెట్టే మూత మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి. లోపల మిగిలిన ఇలకోడి ఉంటే ముందే తీసెయ్యాలి. మెత్తగా ఉన్న సాలీడును అదే కొరికి చంపేస్తుంది.

పెంపకం సూచనలు చాలావరకు చలిదేశాల వాళ్లు రాసినవి. హీటింగ్ ప్యాడ్ పెట్టాలంటారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నెల్లూరులో హీటింగ్ ప్యాడ్ దేనికి? మనకు కావలసింది నీడ, గాలి ఆడే డబ్బా. అదే కార్తీక మాసం ముసురులో డబ్బాలో పరిచిన కొబ్బరి పొట్టు ఆరక బూజు పడుతుంది, సన్న పురుగు చేరుతుంది. ఆ రోజుల్లో నీళ్లు చల్లడం తగ్గించి, గాలి రంధ్రాలు పెంచుకోవాలి. నేల మీద తిరిగే రకాలకు డబ్బా ఎత్తు తక్కువుండాలి. జానెడు ఎత్తు నుంచి పడ్డా పొట్ట పగిలి పోవచ్చు. చేతి మీద ఎక్కించుకుని ఫొటోలు దిగే సరదా మానమని చెప్పేది అందుకే. అది మనిషిని గుర్తుపట్టదు, ముద్దు చేస్తే మురిసిపోదు. దానికి కావలసింది ఒంటరితనం.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. చీమలు రాకుండా డబ్బా చుట్టూ చీమల సుద్ద గీసేవాళ్లు, అదే గదిలో దోమల కాయిల్ వెలిగించేవాళ్లు ఇంకా ఉన్నారు. పురుగును చంపే మందు సాలీడునీ చంపుతుంది. మిఠాయి డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు దీన్నీ పెట్టండి, చాలు. కోవూరు వైపు పొలాల్లోంచి మిడతలు పట్టుకొచ్చి వేసేవాళ్లకూ ఇదే మాట, ఆ పొలంలో ఏం మందు కొట్టారో మనకు తెలియదు.

కాటు గురించి బడుల్లో పిల్లలు అడిగిన ప్రశ్నలు పెద్దల ప్రశ్నలకన్నా నయం. టరాంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు. అమెరికా ఖండాల రకాలు చాలావరకు పొట్ట మీది నూగును కాళ్లతో దులుపుతాయి. కంట్లో పడితే నలపకుండా కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మన దేశపు రకాలకు ఆ నూగు లేదు, అందుకే అవి త్వరగా కరుస్తాయి. చెట్లెక్కే పీసిలోథీరియా జాతి కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెడతాయి. మంత్రాలు, పసర్లు వద్దు, పాము విరుగుడు ఇంజెక్షన్ దీనికి పని చెయ్యదు. సబ్బునీళ్లతో కడుక్కుని ఆసుపత్రికి వెళ్లండి.

ఆ జాతిలోని నీలి సాలీడు కోసమే గిద్దలూరు వైపు వెళ్లాం. దీన్ని 1899లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్. ఆయనకు అందిన నమూనా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది, అందుకే 'గూటీ సఫైర్' అనే దాని ఇంగ్లిష్ పేరులో గుత్తి ఉంది. కలపతోపాటు రైలెక్కి అక్కడికి చేరి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. ఎందుకంటే నూరేళ్లు దాటాక 2001లో మళ్లీ కనిపించింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. 2008లో దీన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చారు. ఆ నీలం రంగు ఒంటి మీది సూక్ష్మ నిర్మాణాల మీద వెలుతురు పడి పుట్టేది, రంగు పదార్థం కాదు. విదేశాల్లో వేలమంది ఇళ్లలో పెరుగుతోంది. దాని సొంత అడవిలో మాత్రం వంటచెరకు కొట్టడంతో తొర్రలున్న పాత చెట్లు తగ్గిపోతున్నాయి. మేం అడవిలోకి వెళ్లలేదు. అంచు ఊళ్లలో కట్టెలకు వెళ్లే ఆడవాళ్లతో మాట్లాడాం. "మండ్రగబ్బలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా!" అని నవ్వారు. తొర్ర చెట్టును వదిలెయ్యమని అడిగితే, ఎండు కట్టె ఎక్కడ దొరుకుతుందో మీరే చూపించండి అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

సర్వసభ్య సమావేశంలో వాదన జరిగింది కూడా దీని మీదే. పెంపకంలో పుట్టిన పిల్లల్ని కొనుక్కుంటే తప్పేముందని కొందరన్నారు. అడవిలోంచి తెచ్చినదాన్ని కూడా అమ్మేవాడు "ఇంట్లో పుట్టిందే" అంటాడు, తేడా ఎలా తెలుస్తుందని మిగతావాళ్లు. చివరికి, మన దేశపు టరాంటులాలను సభ్యులెవరూ కొనరాదు, అమ్మరాదు, మన ప్రదర్శనల్లో పెట్టరాదని తీర్మానించాం. వ్యతిరేకించినవాళ్ల అభిప్రాయాన్ని మినిట్స్‌లో రాశాం. విదేశీ రకాల్లో రెడ్ నీ లాంటివి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఉన్న జాబితాలో ఉన్నాయి. 2022 వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఫారం నింపడంలో ఒంగోలు సభ్యులు ఇద్దరు సాయం చేస్తున్నారు.

జమాఖర్చుల పట్టిక వేరుగా జతచేశాం. చందా బాకీ ఉన్నవారు వచ్చే సమావేశంలోపు కట్టగలరు. కార్యవర్గం ఎన్నికలూ అప్పుడే. సాలీళ్లు ఉన్నవారు నమోదు కాగితాలు తేవాలి, సాలీళ్లను మాత్రం తేవద్దు.

ఇట్లు,
కార్యదర్శి