పదేళ్లలోపు పిల్లలకు పెద్దల ఫుట్‌బాల్ వద్దు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులకు మన శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లలో ఆటల పోటీలు పెడతారు. మా వైపు క్రికెట్, కబడ్డీలతో పాటు ఇప్పుడు చిన్నపిల్లలకు ఫుట్‌బాల్ కూడా పెడుతున్నారు. వ్యాయామ ఉపాధ్యాయినిగా నాకిది చాలా సంతోషం. అయితే ఆడించే తీరు మాత్రం మారాలి.

గత సంక్రాంతికి మా బడి మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని ఒక పోటీకి తీసుకెళ్లాను. పెద్దవాళ్ల మైదానం, పెద్దవాళ్ల బంతి, జట్టుకు పదకొండు మంది. గోల్‌కీపర్‌గా నిలబడ్డ పిల్లాడు చేతులెత్తి ఎగిరినా బార్ అందదు. అందరూ గుంపుగా బంతి వెనకే పరిగెత్తారు గానీ, బలంగా తన్నగలిగే ఇద్దరు ముగ్గురి దగ్గరే అది తిరిగింది. "ఏటలా నిలబడిపోనావు, తన్నీరా!" అని గీత పక్కనుంచి ఒక తండ్రి అరుస్తుంటే, ఆ బాబు బంతిని వదిలేసి నాన్న ముఖమే చూస్తున్నాడు. నాకౌట్ పోటీ కాబట్టి ఒక్క మ్యాచ్ ఓడగానే ఇంటికి వచ్చేశాం. ఆటోలో నాలుగో తరగతి పాప ఒకతె, "టీచర్, నా కాలికి బంతి ఒక్కసారీ తగల్లేదు" అంది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

పెద్దలు ఆడే ఐదో సైజు బంతి 410 నుంచి 450 గ్రాములుంటుంది. చిన్నపిల్లలకు మూడో సైజు ఉంది, అది తేలిక. పదేళ్లలోపు వాళ్లతో బంతిని తలతో కొట్టించడాన్ని (హెడింగ్) అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే వద్దంది. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రాథమిక బడి వయసు పిల్లలకు శిక్షణలో హెడింగ్ నేర్పవద్దన్నారు. జర్మనీ 2024 నుంచి అతి చిన్న పిల్లల్ని ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు జట్లుగా చిన్న గోలుపోస్టులతో ఆడిస్తోంది. మన అఖిల భారత సమాఖ్య కూడా 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగ్స్‌లో చిన్న మైదానాలు, చిన్న జట్లే పెట్టింది. కరణం మల్లీశ్వరి సాధించిన సిడ్నీ పతకాన్ని చూసి మురిసిన జిల్లా మనది. బరువులెత్తడం నేర్పే గురువులెవరైనా పసిపిల్ల చేతికి మొదటిరోజే పెద్దల బార్ ఇస్తారా?

భారత జట్టును 1951, 1962 ఆసియా క్రీడల్లో విజేతగా నిలిపిన హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. గెలుపు కంటే నేర్పు ముందు అనుకున్న మనిషి కాబట్టే అలాంటి ఆలోచన వచ్చిందని నా నమ్మకం.

మా బడిలో వాలీబాల్ కోర్టంత చోటే ఉంది. ఇటుకలే గోలుపోస్టులు, జట్టుకు నలుగురు, గోల్‌కీపర్ లేడు. ముందు నాలుగు స్తంభాలాట ఆడిస్తాను, కానీ ఎవరి బంతిని వాళ్లు కాలితో నడుపుకుంటూ స్తంభం మారాలి. బంతిని కాలి దగ్గర పెట్టుకోవడం, తలెత్తి చుట్టూ చూడడం నవ్వుతూనే వచ్చేస్తాయి. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరితో తన్నిస్తే మిగతావాళ్లు మట్టిలో బొమ్మలు గీసుకుంటారు. మెచ్చుకోవడం కూడా "శభాష్" తో ఆపేయకూడదు. "ఇద్దరు మీద పడుతున్నా భయపడకుండా పక్కవాడికి ఇచ్చావు చూడు, అది బాగుంది" అంటే పిల్లలు ఆ పని మళ్లీ చేస్తారు. తప్పు చేసినప్పుడు ఆట మధ్యలో నేనేమీ అనను. బంతి పోగొట్టుకున్నవాడికి ఆ సంగతి అప్పటికే తెలుసు.

ఈ సంక్రాంతికి నిర్వాహకులు పెద్ద మైదానాన్ని ముగ్గుపిండితో నాలుగు ముక్కలు చెయ్యండి. నలుగురేసి జట్లు పెట్టి, ఓడినా గెలిచినా ప్రతి జట్టుకూ అన్నే మ్యాచులు ఇవ్వండి. ఆడపిల్లల్నీ కలిపే ఆడించండి. కప్పులకు పెట్టే డబ్బుతో పాల్గొన్న ప్రతి బడికీ మూడో సైజు బంతులు రెండేసి కొనివ్వచ్చు. తల్లిదండ్రులు గీతకు కాస్త ఎడంగా నిలబడి చప్పట్లు కొట్టండి, ఎటు తన్నాలో మాత్రం చెప్పకండి. మా మండలంలో ఎవరు ఇలా పోటీ పెట్టినా గీతలు గీయడానికి, రిఫరీగా ఉండడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయిని,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా